కండ్లు పెట్టని కారు

మా బావ పోయినాడని నాకు చెప్పింది బస్సు డ్రైవరు. ఆళ్లగడ్డ నుంచి పొద్దున్నే నంద్యాలకు వచ్చే మొదటి బస్సు మా షెడ్డు ముందర ఎప్పుడూ ఆగదు, నేరుగా స్టాండుకు పోతాది. పోయిన నెల ఒక పొద్దు ఆగింది. డ్రైవరు ఇంజను ఆపకుండానే కిటికీలోంచి తల బయట పెట్టి, "ఆచారీ, మీ బావ పాయప్పా. మీ యక్క నిన్ను పిల్సుకోని రమ్మనె. స్టాండులో జనాల్ని దింపి తిరిగొస్తా, తయారుగా ఉండు" అన్యాడు. నేను అప్పుడు లేతు మిషను మీద ఇత్తడి చక్రం ఒకటి తిప్పుతాండా. ఆ చక్రానికి కొలత చెప్పింది ఆయప్పే.

ఆళ్లగడ్డకు రెండు గంటల దారి. బస్సులో కూర్చోని ఏడ్చినా. ఏడ్చుకుంటానే ఇంకొకటి గూడ అనుకున్యా, చెప్పాలంటే సిగ్గే: ఇంక ఈ చుట్టుపక్కల నన్ను మించిన చెయ్యి లేదు గదా అని. ఎంత పాడుబుద్ధో చూసినారా! మా బావంటే నాకు కుళ్లు. అక్క పెండ్లినాటి నుంచి కుళ్లే. ఆ సంగతి మొదలే చెప్పేస్తాండా. ఆయప్ప గురించి నేను ఏ మంచి చెప్పినా ఆ కుళ్లులోంచే చెప్పాల, వేరే దారి నాకు తెలీదు.

మాది కమ్మరం చేసుకునే ఇల్లు. నాయన కొలిమి వదిలిపెట్టి నేను నంద్యాలలో ఒక మోటారు షెడ్డులో లేతు పనికి కుదిరినా. అక్కను ఆళ్లగడ్డలో దేవుని విగ్రహాలు చెక్కే ఇంటికి ఇచ్చినాము. బావ మా ఇంటికి వచ్చినప్పుడల్లా చూడాల! కూర్చునే ముందర తుండుగుడ్డను నాలుగు మడతలు పెట్టి, మూలలు సరిచేసి, దాని మీద కూర్చునేటోడు. చేతికి ఏమిచ్చినా ఒకసారి తట్టి చెవి కాడ పెట్టుకునేటోడు. శిల్పులు రాయిని తట్టి, శబ్దం విని, ఇది మొగరాయి, ఇది ఆడరాయి అని చెప్తారు. ఆయప్పకు అది ఎంత అలవాటయ్యిందంటే చెంబును, కుండను, కడాకు మా అమ్మ కాల్చిన జొన్నరొట్టెను గూడ తట్టేటోడు. "అత్తా, ఇది మొగరొట్టె" అంటే మా అమ్మ కొంగు నోట్లో పెట్టుకోని నగేది. అట్లాంటి మాటే నేనంటే "తినరా సామీ, పొద్దుపోతాంది" అనేది.

ఎడంచేతి బొటనవేలికి గోరు పెంచినాడు. చెక్కిన అంచు మీద ఆ గోరు జరిపితే చాలు, యాడ ఎత్తుందో యాడ పల్లముందో తెలిసిపోయేది. నేనూ దొంగగా గోరు పెంచినా. వారం తిరక్కుండానే లేతు కాడ పుటుక్కుమనె.

ఇంక కారు సంగతికి వస్తా. కర్నూలు రాజధాని అయిన యేడు మా ఊర్లో పత్తిజిన్ను సావుకారు ఒకాయప్ప నల్లకారు కొన్యాడు. అంతటితో ఆగకుండా, అట్లాంటిదే చిన్నకారు ఒకటి చేయించి తన ఆఫీసులో అద్దాల పెట్టెలో పెట్టుకోవాలని ఆయన ఆశ. కర్నూలు నుంచి వచ్చే ఆఫీసర్లు చూడాల గదా! షెడ్డులో నేను సరదాకు రేకుతో చేసిన లారీని చూసి నన్నే పట్టుకున్యాడు. "అడుక్కు అంగుళం లెక్కన చెయ్యప్పా. పెద్దకారులో ఏముంటే చిన్నకారులో అది ఉండాల. తలుపుకు పిడి ల్యాకుంటే నేను తీసుకోను, ముందే చెప్తాండా" అన్యాడు.

రేకు వంచి ఒళ్లంతా నేనే చేసినా. నెల పట్టింది. బాగానే వచ్చింది, ఇప్పటికీ అంటా. తంటా అంతా చిన్నచిన్న సామాన్లతోనే వచ్చింది. అసలు కారుకు జానెడు ఉండే ముందరి లైటు మన లెక్కలో వేలిగోరంత. తలుపుపిడి బియ్యపుగింజ కంటే కొంచెం పెద్దది. లేతుకు తగిలిస్తే ఇత్తడిముక్క ఎగిరి యాడ పడిందో గూడ తెలీదు. ఆకురాయితో అరగదీసి నాలుగు పిడులు చేస్తే నాయన అరచేతిలో పోసుకోని చూసి, "ఇవేందిరా, మేకపెంటికలా?" అన్యాడు. అక్కడితో ఊరుకోల్యా. "అల్లుని అడగరా. వాని చేతుల్లో పని ఉండాది" అన్యాడు. కన్నకొడుకు ముందర నిలబడి ఉంటే అల్లుని చేతుల్లో పని ఉండాదంట!

ఆళ్లగడ్డకు పోయినా. వాండ్ల పని చేసే పందిరిలో అన్నీ సగం సగం దేవుండ్లు. పందిరి గుంజకు రాతిగొలుసు ఒకటి వేలాడతాండేది. వాండ్ల తాత ఒకే రాయిలోంచి చెక్కింది, యాడా అతుకు లేదు, కడియంలో కడియం ఊగుతాండేది. నేను కాగితం తీసి కొలతలు చదవబోతే బావ చెయ్యి అడ్డం పెట్టినాడు. "అన్ని అంకెలు ఎందుకు బామ్మర్దీ? కారు పొడుగెంతో అది చూపించు చాలు" అన్యాడు. అంత పొడుగు తాటాకు చీలిక ఒకటి కత్తిరించి, మడిచి, మళ్లా మడిచి, గోటితో నొక్కి ఒక గీత పెట్టినాడు. విగ్రహానికి మొగం పొడుగు ఒక్కటి తెలిస్తే మిగతా ఒళ్లంతా దాన్నిబట్టి చెక్కుతారంట. "దీనికి చక్రం మొగం అనుకో. ఒక్క కొలత నిజమైంది ఉంటే మిగతావి అదే చెప్తాది" అన్యాడు. నేను గీసిన బొమ్మ పక్కన ఆ ఆకు పెడితే లైటు ఎంతుండాలో, పిడి ఎంతుండాలో మడతల్లో సరిగ్గా దిగినాయి. నా కాడ ఉన్న ఇనుప కొలబద్ద నెల జీతం పెట్టి కొన్నది. దాన్ని జేబులోంచి తీయల్యా. ఇంటికొచ్చి నేనూ తాటాకు మడిచి చూసినా, మూడో మడతకే పగిలె.

పది దినాలకు మళ్లా పోతే బలపంరాయిలో అచ్చులు చెక్కి పెట్టినాడు. రెండు రాళ్లు, లోపల గుంత. రెండూ మూసి, పైనుంచి తగరమూ సీసమూ కలిపి కరిగించి పోసి, ఆరినాక తెరిస్తే లోపల పిడి. ఎంత పిడి అనుకున్యారు! దానికి తాళంచెవి పెట్టే బెజ్జం గూడ ఉండె.

"బెజ్జం ఎందుకు బావా? ఎవురు చూస్తారు?"

"చెక్కినోడు చూస్తాడు గదప్పా" అన్యాడు, దుమ్ము ఊదుకుంటా. ఊదేటప్పుడు రెండు కండ్లూ గట్టిగా మూసుకునేటోడు.

కడుపు మండిపాయ నాకు. పిడులు, చక్రాల మూతలు, ముందరి జాలీ, లైట్లు అన్నీ దూది పరిచిన డబ్బాలో పెట్టి ఇచ్చి ఒక మాట చెప్పినాడు. "లైట్లు మటుకు నువ్వు పెట్టొద్దు. కడాకు నేనొచ్చి పెడతా. అందాక దాన్ని కారనొద్దు, రేకు అను." వాండ్ల ఆచారం అది. విగ్రహానికి అన్నీ అయినాక చివర్న కండ్లు తెరుస్తారు. పెద్ద శిల్పి తలకు పోసుకోని, ఏమీ తినకుండా ఆ పని చేస్తాడు. కండ్లు తెరిచిందాక దాన్ని దేవుడనరు, రాయే అంటారు.

"ఇది దేవుడు కాదు బావా, కారు" అన్యా.

"ఏదైతేనేం. కండ్లున్నాయి గదా" అన్యాడు.

బస్సులో ఆ డబ్బా ఒళ్లో పెట్టుకోని వస్తా వస్తా లెక్క వేసుకున్యా. కండ్లు పెట్టేది పెద్ద శిల్పి. అంటే కండ్లు ఎవురు పెడితే పని వానిది. నెల దినాలు రేకు వంచింది నేను, చేతులు కోసుకున్యది నేను. వేలిగోరంత లైట్లు రెండు పెట్టి ఆయప్ప పెద్దోడైపోతాడా! ఈ ఆలోచన రోజూ పెరిగింది నాలో.

సావుకారు మధ్యాన్నం వచ్చి కారు చూసుకుంటానన్న పొద్దు వచ్చింది. బావ మొదటి బస్సుకు వస్తానన్యాడు. ఆ బస్సు రాకముందే నేను బొగ్గుల మీద టంకం కడ్డీ కాల్చినా. ఎడమపక్క లైటును ఊరికే గుంతలో నిలబెట్టి, కుడిపక్క లైటు మీద ఎర్రగా కాలిన కడ్డీ ఆనించినా. అంతే. లైటు ల్యా. కరిగి మడ్డుగార్డు మీదికి జారి గడ్డకట్టె. తగరమూ సీసమూ కలిస్తే అదే టంకం గదా! పదేండ్లుగా ఆ టంకంతోనే పొట్ట పోసుకుంటాండే నాకు ఆ మాత్రం తోచల్యా. వేరే ఎవురైనా ఆ పని చేసింటే షెడ్డంతా పిలిచి చూపించి నగిండేవాణ్ణి.

బావ లోపలికి వచ్చినాడు. ఒంటికన్ను కారును చూసినాడు, నా చేతిలో కడ్డీని చూసినాడు. తుండుగుడ్డ నాలుగు మడతలు పెట్టి కూర్చున్యాడు.

"తొందరపడితివే" అన్యాడు. ఆ ఒక్క మాటే.

అచ్చు చూస్తే ఆళ్లగడ్డలో ఉండాది. గీతలు గీసుకునే బలపంముక్క ఒకటి ఆయప్ప సంచిలో ఎప్పుడూ ఉండేది. దాన్ని తీసి, చిన్న ఉలి తీసి, రాతిలోనే లైటు చెక్కడం మొదలుపెట్టినాడు. నేను ఎదురుగా కూర్చోని చూస్తానే ఉండా. తొందర ల్యా, తడబాటు ల్యా. గంట గూడ పట్టల్యా. చెక్కినాక, "సిగరెట్టు తాగుతావు గదా, ఆ పెట్టె ఇట్లియ్యి" అన్యాడు. పెట్టెలోని వెండికాగితం తీసి రాతిలైటుకు చుట్టి, బొటనగోటితో రుద్దినాడు. తళతళ మెరిసె. రెండూ ఒకటే రకంగా ఉండాలని ఎడమలైటుకూ అదే కాగితం తొడిగినాడు. రెండింటినీ లక్కతో అతికించి, వెనక్కి జరిగి చూసి, "ఇప్పుడు కారు" అన్యాడు.

సావుకారు వచ్చినాడు. నేను నెల దినాలు వంచిన రేకును ఒక చూపు చూసినాడేమో. వంగి లైట్ల కాడ మొగం పెట్టి, పిడులు చూసి, బెజ్జం గూడ చూసి, "అబ్బబ్బబ్బ! ఎవురు చేసినారప్పా ఇవి?" అని అడిగినాడు.

"నేనే" అన్యా.

ఆ మాట నోట్లోంచి ఎట్ల వచ్చిందో నాకు తెలుసు. తెలీదని అబద్ధం చెప్పను. గుమ్మం కాడ బావ నిలబడి ఉండాడు, చేతులకు తెల్లదుమ్ము. సావుకారు ఆయప్ప పక్కకు తిరిగి, "నువ్వెవురప్పా?" అన్యాడు.

"వాని బావను సామీ. ఆళ్లగడ్డ. ఊరికే చూసిపోదామని వచ్చినా."

ఉగ్గాని తిని పొమ్మంటే ఆకలి ల్యాదని మధ్యాన్నం బస్సుకే పోయినాడు. కారు అడుగున నా పేరు చెక్కిన ఇత్తడిరేకు స్క్రూలు వేసి బిగించినారు.

ఆ కారు చూసి బస్సు ఓనర్లు వచ్చినారు, వాండ్ల బస్సులకు చిన్నబస్సులు చేయమని. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా నా పేరు పాకింది. నెలనెలా బావ సామాన్ల డబ్బా తెచ్చి ఇచ్చేటోడు. ఆ పొద్దు సంగతి ఎత్తుతాడేమో అని ప్రతిసారీ కాచుకోని ఉండేవాణ్ణి. ఎత్తల్యా. తిట్టినా బాగుండు, నేనూ నాలుగు మాటలు అనిండేవాణ్ణి. ఏమీ అనకుండా డబ్బా ఇచ్చి, పోయి లేతు ముందర నిలబడేటోడు. చేతులు వెనక కట్టుకోని అరగంట, గంట, చక్రం తిరిగేది చూస్తానే ఉండేటోడు. నా పనిలో తప్పులు యాడున్నాయా అని వెతుకుతాండాడు అనుకునేవాణ్ణి నేను. నేను గూడ ఊరుకుంటానా? కావాలనే జోరుగా తిప్పి పొట్టు ఎగరగొట్టేవాణ్ణి. పోయేముందు బల్ల మీద తయారైన బస్సు ఏదుంటే దాని చక్రం వేలితో ఒకసారి తిప్పేటోడు. ఆగిందాకా చూసి, మళ్లా తిప్పేటోడు.

రాజధాని హైదరాబాదుకు పాయ. సావుకారు ఆఫీసుకు ఆఫీసర్లు రావడం తగ్గిపాయ. బావకు దగ్గు మొదలైంది. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో దిగింది అన్యారు. పోయిన వానకాలంలో చూడటానికి పోతే పందిరి మూలలో తడిగోనె కప్పి ఏదో ఉండాది.

"ఏందీ బావా అది?"

"ఏం ల్యా. గ్రామదేవత" అని గోనె అంచు కాలితో సర్దినాడు.

నాకు చూపించడం ల్యా అంటే ఏదో పెద్ద పనే దొరికుంటాది అనుకున్యా. దగ్గుతో సగమైపోయిన మనిషి, కండ్ల కింద గుంతలు, అయినా నేను తిరుగు బస్సులో కుళ్లుతో పటపటా పండ్లు కొరుక్కుంటా వచ్చినా. అదే కడపటి చూపు.

దినాలు అయినాక అందరూ వెళ్లిపోయినారు. పందిరి కింద అక్కా నేనూ మిగిలినాము. ఏడేండ్లు గొంతులో పెట్టుకోని తిరిగింది ఇంక మోయలేక చెప్పేసినా. "అక్కా, సావుకారు కారుకు లైట్లు చేసింది బావ. నేనే చేసినానని చెప్పినా."

"తెల్సులేరా. ఆ పొద్దే చెప్పె."

"ఏమని తిట్టె?"

"యాడ తిట్టె? ఆయప్పకే నీ మీద కుళ్లు."

అక్క కొంగుతో మొగం తుడుచుకోని చెప్పింది. "నీ కాడికి వచ్చిన పొద్దు అన్నం సగంలో లేసేటోడు. నేను చెక్కింది నిలబడతాది, వాడు చేసింది తిరుగుతాది, నా చేతికి ఆ తిరుగుడు రాల్యా అని ఒకటే రంధి. ఆ లేతు కాడ నిలబడి చూసొచ్చి, రాయి ముందర పెట్టుకోని కూర్చునేటోడు. ఎన్ని పగలగొట్టినాడో, దా, చూడు."

పోయి గోనె తీసింది. గోనె వెనక గోడ వారగా పగిలిన రాళ్లు కుప్ప. ఒకదానికి ఇరుసు విరిగింది, ఒకదానికి చక్రం బీటిచ్చింది. గోనె కింద కారు. జానెడు పొడుగు, నల్లరాయి. తలుపులు, పిడులు, పిడుల్లో బెజ్జాలు. నేను వేలితో చక్రాన్ని తాకినా. కదిలింది! వంగి కింద చూసినా. యాడా అతుకు ల్యా. ఆ గుంజకు వేలాడే గొలుసు మాదిరే, ఒళ్లూ ఇరుసులూ చక్రాలూ అన్నీ ఒకే రాయి. చక్రానికీ ఇరుసుకూ నడుమ ఉలి ఎట్ల పోనిచ్చినాడో, ఎన్నాళ్లు గీకినాడో నాకు అంతుపట్టల్యా. నాలుగు చక్రాలూ తిరిగినాయి.

ముందరపక్క లైట్లుండాల్సిన చోట రెండు బోడి ముద్దలు.

"కండ్లు పెట్టల్యా?" అన్యా.

"నువ్వే పెట్టాలంట. ఆ పొద్దు తొందరపడె, ఈసారి నిదానంగా పెట్టమని చెప్పు అనె" అని అక్క నగింది. నగతా నగతానే ఏడ్చేసింది.

కారును ఆయప్ప తుండుగుడ్డలో చుట్టుకోని, పక్కన ఆయప్ప చిన్న ఉలి పెట్టుకోని నంద్యాలకు వచ్చినా. ఇంటికి పోకుండా నేరుగా జిన్నుకు పోయి సావుకారుకు ఉన్నదున్నట్టు చెప్పినా. "ఏడేండ్లాయ గదా ఆచారీ. ఇప్పుడు ఎవురడిగినారు నిన్ను?" అన్యాడు.

"ఎవురూ అడగల్యా సామీ. నేనే చెప్తాండా" అని, పెట్టె తెరిపించి, కారు అడుగున నా పేరున్న రేకు ఊడదీసుకున్యా. కుడిలైటు మీద వెండికాగితం ఒక అంచున లేచి లోపలి తెల్లరాయి కనపడతాంది. రంగు పోయిందేమో అనుకుంటాండా అన్యాడు సావుకారు. అది రంగు కాదు, మా బావ అని చెప్పినా.

రాతికారు ఇప్పుడు నా లేతు పక్కన బల్ల మీద ఉండాది. నెలైంది. రోజూ పని అయినాక తుండుగుడ్డ మడిచి కూర్చుంటా, ఉలి తీస్తా, మళ్లా పెట్టేస్తా. ఆయప్ప లెక్కలో అది ఇంకా కారు కాదు, రాయి. కండ్లు పెడితే పని నాదని జనం అంటారేమో, పెట్టకుంటే ఆయప్ప మాట తప్పినట్టు. చక్రం వేలితో తిప్పుతా. నా ఇత్తడి చక్రాలు ఇంతకంటే ఎక్కువసేపు తిరుగుతాయి, అది నిజం. వాటిని నేను విడిగా చేసి తగిలిస్తా. ఆయప్ప చక్రం రాతిలోంచి ఊడకుండానే తిరిగింది. మళ్లా కడుపు మండుతాది. చచ్చిపోయిన మనిషి మీద గూడ ఇంత కుళ్లు పెట్టుకున్యోణ్ణి నేను ఒక్కణ్ణే ఉంటానేమో. చక్రం ఆగిందాకా చూసి, మళ్లా తిప్పుతా.